జీతంతోనే ఆగిపోయే బీమా: ప్రభుత్వోద్యోగి రిటైరయ్యాక మారే లెక్కలు

క్లుప్తంగా: తెలంగాణ రాష్ట్ర ప్రభుత్వోద్యోగికి ఉండే బీమా రక్షణలో చాలా భాగం జీతం బిల్లుతో ముడిపడి ఉంటుంది. 61 ఏళ్లు నిండిన నెలాఖరున ఆ బిల్లు ఆగగానే గ్రూప్ ఇన్సూరెన్స్, ప్రభుత్వ జీవిత బీమా, జీతం ఖాతా మీది ప్రమాద బీమా దాదాపు ఒకేసారి ముగుస్తాయి. వాటి తర్వాత చేతికి రావలసిన డబ్బు, పెన్షనర్ హెల్త్ కార్డు, పింఛన్ మాత్రం ఒక్కోటి ఒక్కో తేదీన వస్తాయి. మధ్యలో మిగిలే ఖాళీని ఎలా దాటాలన్నదే రిటైర్మెంట్ ప్లానింగ్‌లో అసలు సమస్య. ఎంత వస్తుందన్న లెక్క అందరూ వేసుకుంటారు. ఎప్పుడు వస్తుందన్న లెక్క తక్కువమంది వేసుకుంటున్నారు.

ఇప్పుడే ఎందుకింత చర్చ

తెలంగాణలో పదవీ విరమణ వయసును 2021 మార్చిలో 58 నుంచి 61 ఏళ్లకు పెంచారు. దాంతో మూడేళ్లపాటు వయసు నిండి రిటైరయ్యేవాళ్లే దాదాపు లేకుండా పోయారు. గ్రాట్యుటీ, కమ్యుటేషన్ (పింఛన్‌లో కొంత భాగాన్ని ముందే ఒకేసారి ఇవ్వడం), లీవ్ ఎన్‌క్యాష్‌మెంట్ (మిగిలిన సెలవులకు ఇచ్చే డబ్బు) కింద ఖజానా మీద పడాల్సిన భారం ఆ మూడేళ్లూ వాయిదా పడింది. 2024 మార్చి ఆఖరు నుంచి రిటైర్మెంట్లు మళ్లీ మొదలయ్యాయి. అప్పటి నుంచి ప్రతి నెలాఖరుకూ ఓ కొత్త బ్యాచ్ బయటికొస్తోంది. ముందు బ్యాచ్ బిల్లులు తీరకముందే తర్వాతి బ్యాచ్ బిల్లులు వచ్చి చేరుతున్నాయి.

నెలవారీ పింఛన్ వస్తోంది. ఒకేసారి రావలసిన పెద్ద మొత్తాలు మాత్రం నెలల తరబడి పెండింగ్‌లో ఉంటున్నాయి. ఉద్యోగుల పెండింగ్ బిల్లుల కోసం నెలకు రూ.700 కోట్ల చొప్పున విడుదల చేస్తామని 2025 జూన్‌లో మంత్రివర్గం ప్రకటించింది. హైకోర్టుకు వెళ్లి ఆదేశాలు తెచ్చుకున్నవారూ ఉన్నారు. హనుమకొండ, వరంగల్, జనగామ, ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ జిల్లాల్లో పెన్షనర్ల సంఘాల సమావేశం ఎక్కడ జరిగినా మొదటి అంశం ఇదే అవుతోంది.

ఆ రోజున ఏమేం ఆగుతాయి

మొదటిది గ్రూప్ ఇన్సూరెన్స్, అందరూ జీఐఎస్ అనేది. ఇది 1984 నవంబరులో మొదలైన పథకం. ఉద్యోగి గ్రూపును బట్టి నెలకు రూ.15, 30, 60 లేదా 120 కోత పడుతుంది. రూ.15 యూనిట్‌కు రూ.15 వేల బీమా కాబట్టి రూ.120 కట్టేవారికి రూ.1,20,000 రక్షణ ఉంటుంది. కట్టిన దానిలో ఒక వాటా బీమా నిధికి, పెద్ద వాటా పొదుపు నిధికి పోతుంది. సర్వీసులో ఉండగా చనిపోతే కుటుంబానికి రెండూ వస్తాయి. రిటైరైతే పొదుపు వాటా, దాని మీది వడ్డీ మాత్రమే వస్తాయి. బీమా ఆ రోజుతో సరి. సర్వీసంతా కట్టినా ఇంత తక్కువే వచ్చిందేమిటని చాలామంది నిరుత్సాహపడేది ఇక్కడే. కోత తక్కువ, అందులోనూ కొంత బీమాకే ఖర్చయిపోయింది కనుక వచ్చేది తక్కువే ఉంటుంది.

రెండోది ప్రభుత్వ జీవిత బీమా (జీఎల్ఐ). నిజాం హయాంలో 1907లో పుట్టిన ఈ ఏర్పాటు ఏపీజీఎల్ఐ, టీఎస్‌జీఎల్ఐ అనే పేర్లు దాటి ఇప్పుడు టీజీజీఎల్ఐ అయింది. ఇది ఎండోమెంట్ పాలసీ. గడువు నిండితే బీమా మొత్తం, బోనస్ కలిపి చెల్లిస్తారు. ఇక్కడ తప్పక చూడాల్సింది బాండ్ మీది తేదీ. జీతం పెరిగినప్పుడల్లా ప్రీమియం పెంచుకుంటూ పోతే ఒక్కో పెంపునకు ఒక్కో బాండ్ వస్తుంది. రిటైర్మెంట్ వయసు 58గా ఉన్న రోజుల్లో జారీ అయిన బాండ్లూ, ఆ తర్వాతివీ ఒకే ఫైల్లో ఉంటాయి. అన్నిటికీ మెచ్యూరిటీ తేదీ ఒకటే అనుకోవడానికి లేదు. బాండ్లన్నీ ముందేసుకుని తేదీలు, ప్రీమియం కోతలు వరుసగా రాసుకుంటే జిల్లా బీమా కార్యాలయంలో పని సగం తగ్గుతుంది.

మూడోది చాలామందికి తెలియకుండానే ఉండి, తెలియకుండానే పోయేది. జీతం ఖాతా మీద బ్యాంకులు ఉచితంగా ఇచ్చే వ్యక్తిగత ప్రమాద బీమా ఇది. కొన్ని బ్యాంకుల్లో ఈ బీమా మొత్తం పెద్దదే. జీతం పడటం ఆగి పింఛన్ ఖాతాగా మారాక అదే రక్షణ ఉంటుందన్న నమ్మకం లేదు. బ్యాంకును రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవడం మేలు. పోయిందంటే, ఏడాదికి రూ.20 ప్రీమియంతో రూ.2 లక్షల ప్రమాద బీమా ఇచ్చే ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన 70 ఏళ్ల వరకు అందుబాటులో ఉంటుంది. చిన్న మొత్తమే అయినా, స్కూటర్ మీద తిరిగే పెన్షనర్‌కు అసలేమీ లేకపోవడం కంటే నయం.

ఇన్ని బీమాలు ఒకేసారి పోతే 61వ ఏట మళ్లీ జీవిత బీమా కొనాలా? పాత పింఛన్ వర్తించే (2004 సెప్టెంబరుకు ముందు చేరిన) ఉద్యోగికి చాలావరకు అక్కర్లేదు. ఎందుకంటే ఫ్యామిలీ పింఛనే ఒక జీవిత బీమా. చివరి మూలవేతనం రూ.80,000 అనుకుంటే పూర్తి సర్వీసుకు మూల పింఛన్ రూ.40,000. పెన్షనర్ చనిపోతే భార్యకో భర్తకో మామూలు రేటు ప్రకారం మూలవేతనంలో 30 శాతం, అంటే రూ.24,000, దాని మీద డీఆర్ (కరువు భృతి) వస్తుంది. ఇంటి ఆదాయం తగ్గుతుంది కానీ ఆగిపోదు. ఇల్లు కట్టిన అప్పు ఇంకా తీరనివారు, పిల్లలు స్థిరపడనివారు మాత్రమే అదనపు జీవిత బీమా గురించి ఆలోచించాలి. రిటైరైన వారంలోనే ఇంటికొచ్చి ‘గ్యారంటీ రాబడి’ పాలసీలు అంటగట్టే ఏజెంట్ల మాటలను ఈ లెక్కతోనే తూచాలి.

డబ్బు ఎక్కడ ఆగుతుంది

పింఛన్ ప్రతిపాదన సర్వీస్ రిజిస్టర్‌తో మొదలవుతుంది. ఎస్ఆర్ అని పిలిచే ఆ పుస్తకం ఆధారంగానే అర్హమైన సర్వీసు తేలుతుంది. కార్యాలయం నుంచి ప్రతిపాదనలు, ఉద్యోగి హోదానూ శాఖనూ బట్టి, అకౌంటెంట్ జనరల్ కార్యాలయానికి గానీ జిల్లా ఆడిట్ కార్యాలయానికి గానీ వెళ్తాయి. అక్కడ పింఛన్, గ్రాట్యుటీ, కమ్యుటేషన్ ఆర్డర్లు తయారై ట్రెజరీకి చేరతాయి. ట్రెజరీలో బిల్లు పాసై టోకెన్ నంబరు పడుతుంది. చివరి మెట్టు రిజర్వ్ బ్యాంక్ వారి ఈ-కుబేర్ ద్వారా ఖాతాలో జమ కావడం. ‘బిల్లు పాసైంది గానీ ఈ-కుబేర్‌లో ఉంది’ అనే మాట ఇప్పుడు ప్రతి పెన్షనర్ నోటా వినిపిస్తోంది. ఆ దశలో ఆగిన బిల్లును ముందుకు కదపడం ఉద్యోగి చేతిలో గానీ, కింది కార్యాలయం చేతిలో గానీ లేదు. నిధుల విడుదల మీదే అంతా ఆధారపడుతుంది.

అయితే అంతకుముందు దశల్లో జరిగే ఆలస్యం వేరు. దాన్ని చాలావరకు తప్పించుకోవచ్చు. ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఈ ఆలస్యానికి స్థానిక కారణం కూడా ఉంది. 2016లో ఒక జిల్లా ముక్కలైంది. 2021 ఆగస్టులో వరంగల్ అర్బన్, రూరల్ జిల్లాలు హనుమకొండ, వరంగల్‌గా మారాయి. అదే ఏడాది డిసెంబరులో వచ్చిన జీఓ 317తో ఎంతోమంది టీచర్లు, ఉద్యోగులు కొత్త జిల్లాలకు వెళ్లారు. జీతం బిల్లు పెట్టే డ్రాయింగ్ ఆఫీసర్ మారిన ప్రతిసారీ ఎస్ఆర్ చేతులు మారింది, కోతల షెడ్యూళ్లు మారాయి. జీపీఎఫ్ (భవిష్య నిధి) ఖాతాలో ‘మిస్సింగ్ క్రెడిట్లు’ పుట్టేది ఇలాంటి మలుపుల్లోనే. జీతంలోంచి కోత పడి, ఖాతాలో జమ కాని నెలలవి. జీఎల్ఐ ప్రీమియంలోనూ ఇదే జరుగుతుంది. జిల్లా పరిషత్ టీచర్లకు జడ్పీ జీపీఎఫ్ వేరుగా ఉండటం వల్ల పాత జడ్పీలో జమ అయిన నెలల లెక్క కూడా తేలాలి.

ఒక ఉదాహరణ. హనుమకొండ మండలంలో పనిచేస్తూ జీఓ 317తో ములుగు జిల్లాకు వెళ్లిన ఒక స్కూల్ అసిస్టెంట్ ఖాతాలో నాలుగు నెలల జీపీఎఫ్ జమ కనిపించలేదనుకుందాం. ఆ నాలుగు నెలల ట్రెజరీ వోచర్ నంబరు, తేదీ, కోత షెడ్యూలు నకలు దొరికితేనే సరిదిద్దుతారు. అవి పాత మండల విద్యాధికారి (ఎంఈఓ) కార్యాలయంలో గానీ, ఆ ట్రెజరీలో గానీ ఉంటాయి. సర్వీసులో ఉండగా ఒక శనివారం తిరిగితే దొరికే కాగితం, రిటైరయ్యాక, అక్కడి గుమస్తా కూడా బదిలీ అయ్యాక దొరకాలంటే ప్రాణం విసుగెత్తుతుంది. జీపీఎఫ్ వార్షిక స్లిప్పులను 58వ ఏటి నుంచే పే స్లిప్పులతో పోల్చుకోవాలని సంఘాల నాయకులు చెప్పేది అందుకే.

పేర్ల తేడా ఇంకో చిక్కు. ఎస్ఆర్‌లో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు ఉన్న మహిళా ఉద్యోగులు చాలామంది. నామినేషన్లూ అంతే. జీపీఎఫ్, జీఐఎస్, జీఎల్ఐ మూడింటికీ నామినేషన్ విడివిడిగా ఉంటుంది. ఉద్యోగంలో చేరిన రోజున రాసిన తండ్రి పేరు, ఆయన పోయి పదేళ్లయినా అలాగే ఉండిపోయిన ఫైళ్లు ఎన్నో.

ఈ ఆలస్యాలన్నీ కలిసి తెచ్చే ప్రమాదం అప్పు. రిటైర్మెంట్ డబ్బు వస్తుందన్న ధైర్యంతో పెళ్లి ముహూర్తం పెట్టుకుని, ఇంటి స్లాబ్ వేయించి, చివరికి నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చుకుంటే ఏడాదికి 24 శాతం. రావలసిన గ్రాట్యుటీ ఎంత పెద్దదైనా ఆ వడ్డీ దాన్ని నెలనెలా తింటూ పోతుంది. గ్రాట్యుటీ గరిష్ఠ పరిమితి 2020 వేతన సవరణ (పీఆర్సీ)తో రూ.12 లక్షల నుంచి రూ.16 లక్షలకు పెరిగింది. లీవ్ ఎన్‌క్యాష్‌మెంట్ 300 రోజుల వరకు వస్తుంది. ఈ మొత్తాలు మన హక్కే. కానీ అవి వచ్చే తేదీ మన చేతిలో లేదు కాబట్టి, వాటిని నమ్మి ఇంకొకరికి తేదీ ఇవ్వకపోవడమే క్షేమం.

కమ్యుటేషన్: అప్పా, బీమానా?

పింఛన్‌లో 40 శాతం వరకు ముందే ఒకేసారి తీసుకునే వెసులుబాటే కమ్యుటేషన్. చాలామంది ఆలోచించకుండా పూర్తిగా తీసుకుంటారు. కొందరు నష్టమని వదిలేస్తారు. లెక్క చూస్తే రెండూ తొందరపాటే.

మూల పింఛన్ రూ.40,000 అయితే 40 శాతం రూ.16,000. తర్వాతి పుట్టినరోజుకు 62 ఏళ్లు నిండే వ్యక్తికి పట్టికలోని గుణకం 8.093. అంటే 16,000 ను 12తో, మళ్లీ 8.093తో గుణిస్తే రూ.15,53,856 చేతికి వస్తుంది. దానికి బదులు నెలకు రూ.16,000 చొప్పున 15 ఏళ్లు కోత. మొత్తం కోత రూ.28,80,000. ఎనిమిదేళ్లు దాటి ఓ నెల అయ్యేసరికి తీసుకున్నంతా తీరిపోతుంది, మిగతా ఏడేళ్ల కోత వడ్డీ కిందికి వస్తుంది. అప్పుగా చూస్తే ఏడాదికి 9 శాతానికి కొంచెం పైన పడుతుంది. ఈ కాలవ్యవధి తగ్గించాలని పెన్షనర్లు కోర్టుల్లో వాదిస్తున్నది ఈ లెక్క ఆధారంగానే.

ఈ మొత్తాన్ని 8.2 శాతం వడ్డీ ఇచ్చే సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్‌లో పెడితే నెలకు సుమారు రూ.10,600 వస్తుంది. పోగొట్టుకున్న రూ.16,000తో పోలిస్తే తక్కువే, కాకపోతే అసలు అలాగే ఉంటుంది. అదే రేటు మీద నెలకు రూ.16,000 తీసుకుంటూ పోతే డబ్బు 13 ఏళ్ల మూడు నాలుగు నెలలకు అయిపోతుంది. పూర్తి పింఛన్ తిరిగి వచ్చేది 15 ఏళ్లకు. అంటే కేవలం డిపాజిట్ చేయడానికి కమ్యుటేషన్ తీసుకుంటే, 76 ఏళ్లు దాటి బతికేవారికి కొద్దిపాటి నష్టం.

కానీ ఇందులో అప్పుకు లేని గుణం ఒకటుంది. పెన్షనర్ మధ్యలో చనిపోతే మిగిలిన కోత ఎవరి దగ్గరా వసూలు చేయరు. ఫ్యామిలీ పింఛన్ మీద కమ్యుటేషన్ కోత పడదు. అలాగే డీఆర్‌ను కోత పడిన రూ.24,000 మీద కాక పూర్తి రూ.40,000 మీదే లెక్కిస్తారు. వచ్చిన మొత్తం మీద ఆదాయపు పన్ను కూడా లేదు. కాబట్టి 9 శాతం కంటే ఎక్కువ వడ్డీ అప్పులు ఉన్నవారికి, ఆరోగ్యం అంత బాగా లేనివారికి, జీవిత భాగస్వామి చేతిలో కొంత మొత్తం ఉండాలనుకునేవారికి కమ్యుటేషన్ మంచి ఏర్పాటు. ఆరోగ్యం బాగుండి, అప్పుల్లేక, నెల ఆదాయమే ముఖ్యమైనవారు 40 శాతం కాక అంతకంటే తక్కువ తీసుకున్నా ఎవరూ కాదనరు. రిటైరైన ఏడాదిలోపు దరఖాస్తు చేస్తే మెడికల్ పరీక్ష కూడా ఉండదు.

చెల్లింపులు ఆలస్యమవుతున్న ఈ రోజుల్లో ఒక తేదీని మాత్రం జాగ్రత్తగా చూసుకోవాలి. కమ్యుటేషన్ డబ్బు ఖాతాలో ఏ రోజు పడింది, పింఛన్ స్లిప్‌లో కోత ఏ నెల నుంచి మొదలైంది? రెండింటికీ పొంతన లేకపోతే ట్రెజరీకి వెంటనే రాతపూర్వకంగా తెలపాలి. 15 ఏళ్ల గడువును లెక్కించేది కూడా ఆ తేదీ నుంచే గనుక ఆ కాగితాన్ని పీపీఓ (పింఛన్ చెల్లింపు ఉత్తర్వు)తో పాటు భద్రపరచాలి.

వైద్యం: కార్డు ఉన్నా ఎందుకీ టెన్షన్

రిటైరైనవారి ఖర్చుల్లో అంచనాకు అందనిది వైద్యం ఒక్కటే. తెలంగాణలో ఉద్యోగులు, పెన్షనర్లు, జర్నలిస్టులకు నగదు రహిత వైద్య పథకం ఉంది. వరంగల్‌లో వెల్‌నెస్ సెంటర్ కూడా ఉంది. బీపీ, షుగర్ మందులు, మామూలు పరీక్షల కోసం అక్కడికి వచ్చేవారిలో ఎక్కువమంది పెన్షనర్లే. ఆసుపత్రిలో చేరాల్సి వచ్చినప్పుడే అసలు పరీక్ష. ప్యాకేజీ రేట్లు తక్కువనీ, బకాయిలు పేరుకున్నాయనీ ప్రైవేటు ఆసుపత్రులు ఈ కార్డును తీసుకోవడానికి వెనకాడుతున్నాయి. జాబితాలో పేరున్న ఆసుపత్రిలోనే ‘ముందు కట్టండి, తర్వాత రీయింబర్స్‌మెంట్ పెట్టుకోండి’ అనడం పెన్షనర్లకు అలవాటైన అనుభవం. ఉద్యోగులూ పెన్షనర్లూ తమ వంతు చందా కట్టి ట్రస్టు ద్వారా పథకాన్ని నడపాలన్న ప్రతిపాదన ఈ చిక్కు నుంచే పుట్టింది. మూలవేతనంలో, పింఛన్‌లో ఒక శాతం చందాను తెలంగాణ మొదటి పీఆర్సీ సిఫార్సు చేసింది. ఆసుపత్రికి సమయానికి డబ్బు అందితే తప్ప కార్డుకు విలువ రాదు కాబట్టి ఆ దారి సబబుగానే కనిపిస్తుంది.

రిటైరైన కొత్తలో ఇంకో ఖాళీ ఏర్పడుతుంది. ఉద్యోగిగా ఉన్నప్పుడు కార్డును ధ్రువీకరించేది డ్రాయింగ్ ఆఫీసర్. పెన్షనర్‌కు ఆ పని చేయాల్సింది ట్రెజరీ. పీపీఓ రాకముందు ట్రెజరీ రికార్డుల్లో ఆ వ్యక్తి పెన్షనరే కాడు. ఈ నెలల్లో ఆసుపత్రి అవసరం పడితే పాత కార్డు పనిచేయకపోవచ్చు, కొత్తది చేతికి వచ్చి ఉండదు. అప్పుడు మిగిలేది రీయింబర్స్‌మెంట్ దారే.

ఆ దారికి ఆధారం 1972 నాటి సమగ్ర వైద్య సేవల నిబంధనలు. డిశ్చార్జి అయిన ఆరు నెలల్లోపు, చివరగా పనిచేసిన కార్యాలయం ద్వారా క్లెయిమ్ పెట్టాలి. అపెండిక్స్-2 ఫారం, ఎసెన్షియాలిటీ సర్టిఫికెట్, ఎమర్జెన్సీ సర్టిఫికెట్, డిశ్చార్జి సమ్మరీ, ఒరిజినల్ బిల్లులు, ఇంతకుముందు ఈ ఖర్చు తీసుకోలేదన్న నాన్ డ్రాయల్ సర్టిఫికెట్ ఉండాలి. ఎసెన్షియాలిటీ సర్టిఫికెట్ మీద చికిత్స చేసిన డాక్టరు సంతకం, ఆసుపత్రి ముద్ర డిశ్చార్జి రోజునే తీసుకోవడం మంచిది. నెల తర్వాత మళ్లీ హైదరాబాద్ వెళ్లి ఆ డాక్టరు కోసం కారిడార్లో కూర్చోవడం అరవై దాటినవారికి శిక్షే. స్క్రూటినీలో ప్యాకేజీ రేట్ల ప్రకారం కోత పడుతుంది. మూడు లక్షల బిల్లుకు మూడు లక్షలూ వస్తాయనుకుని చేసే ఖర్చు చివరికి ఇంటి మీదే పడుతుంది. మంజూరైన తర్వాత ఆ బిల్లు కూడా గ్రాట్యుటీ బిల్లు నడిచిన దారిలోనే ఈ-కుబేర్ దాకా వెళ్లాలి.

నెలకు రూ.600 మెడికల్ అలవెన్స్ పింఛన్‌తో పాటు వస్తుంది. షుగర్, బీపీ రెండూ ఉన్న దంపతుల మందులకు అది ఏ మూలకూ సరిపోదు.

ఇదే ప్రాంతంలో మిగతావారి పరిస్థితి వేరు. కాజీపేటలో రిటైరైన రైల్వే ఉద్యోగికి ఒకసారి చందా కట్టి చేరే జీవితకాల వైద్య పథకం ఉంది, రైల్వే ఆసుపత్రి ఊళ్లోనే ఉంది. భూపాలపల్లి, గోదావరిఖని వైపు సింగరేణి విశ్రాంత కార్మికులకు చందాతో నడిచే సీపీఆర్ఎంఎస్ వైద్య పథకం ఉంది, దానికి జీవితకాల పరిమితి ఉంటుంది. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లు సీజీహెచ్ఎస్ వైద్య పథకంలో పదేళ్ల చందా ఒకేసారి కట్టి జీవితాంతం కార్డు తీసుకోవచ్చు, ఆ సౌకర్యం లేని ఊళ్లో ఉంటే నెలకు రూ.1,000 స్థిర వైద్య భత్యం తీసుకోవచ్చు. వీటన్నిటిలోనూ పెన్షనర్ కొంత చందా కడతాడు, దానికి తగ్గ హామీ ముందే తెలిసి ఉంటుంది. రాష్ట్ర పెన్షనర్‌కు మాత్రం హామీ కాగితం మీద ఉన్నంత గట్టిగా ఆసుపత్రి కౌంటర్ దగ్గర ఉండదు. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో రూ.10 లక్షలకు పెరిగినా అది పేద కుటుంబాల కోసం ఉద్దేశించింది, ప్రభుత్వ పెన్షనర్లకు వర్తించేది కాదు. 70 దాటినవారికి కేంద్రం 2024 అక్టోబరులో తెచ్చిన రూ.5 లక్షల ఆయుష్మాన్ వయ వందన పథకానికి ఆదాయ పరిమితి లేదు గానీ, అక్కడికి చేరడానికి 61వ ఏట రిటైరైన వ్యక్తికి ఇంకా తొమ్మిదేళ్లు ఉంటాయి.

ప్రైవేటు పాలసీ: ఎప్పుడు కొన్నామన్నదే ముఖ్యం

ఈ ఖాళీని చూసే చాలామంది ప్రైవేటు ఆరోగ్య బీమా వైపు వెళ్తున్నారు. నిబంధనలు ఈ మధ్య కొంత మెరుగయ్యాయి. 65 దాటితే కొత్త పాలసీ ఇవ్వనక్కర్లేదన్న పాత హద్దు 2024లో పోయింది. ముందు నుంచీ ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ గరిష్ఠంగా నాలుగేళ్ల నుంచి మూడేళ్లకు తగ్గింది. 60 దాటినవారి ప్రీమియం ఏడాదికి 10 శాతం మించి పెంచాలంటే నియంత్రణ సంస్థను సంప్రదించాలని 2025 జనవరిలో ఆదేశించారు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా ప్రీమియం మీద జీఎస్టీ లేదు.

అయినా 61వ ఏట, రిటైరైన మర్నాడు పాలసీ తీసుకుంటే లాభం వెంటనే రాదు. షుగర్, గుండె జబ్బు వంటివి ముందే ఉంటే 64 వరకు వాటికి సంబంధించిన క్లెయిమ్ రాకపోవచ్చు. మోకీలు మార్పిడి, కంటి శుక్లం, హెర్నియా వంటి వాటికీ రెండు మూడేళ్ల నిరీక్షణ ఉంటుంది. ఈ వయసులో ఎక్కువగా అవసరమయ్యేవి ఇవే. అదే పాలసీ 58వ ఏట, జీతం వస్తుండగా తీసుకుని ఉంటే నిరీక్షణ అంతా సర్వీసులోనే గడిచిపోయి, పదవీ విరమణ నాటికి పాలసీ పూర్తిగా పనిచేసే స్థితిలో ఉంటుంది. ఇంకా రెండు మూడేళ్ల సర్వీసున్నవారు ఇప్పుడే నిర్ణయించుకోవడానికి ఇంతకంటే బలమైన కారణం లేదు.

ప్రీమియం భారమనిపిస్తే సూపర్ టాప్-అప్ ఒక మధ్యేమార్గం. మొదటి మూడు లేదా ఐదు లక్షలు మనం గానీ, హెల్త్ కార్డు గానీ భరిస్తే ఆపై ఖర్చు బీమా సంస్థ చూసుకుంటుంది. అందుకే ప్రీమియం తక్కువ. కాకపోతే ఆ మొదటి మూడు లక్షలు బ్యాంకులో సిద్ధంగా ఉండాలి. గ్రాట్యుటీ వచ్చాక పక్కన పెడదామనుకుంటే, అది రాకముందే ఆసుపత్రి వస్తే ఇబ్బందే. సర్వీసులో ఉండగానే ఈ మొత్తాన్ని విడిగా కూడబెట్టాలి. ఇప్పటికే ఏదో గ్రూప్ పాలసీలో ఉన్నవారు అది ముగియకముందే అదే సంస్థలో వ్యక్తిగత పాలసీకి మారితే గడిచిన నిరీక్షణ కాలం వృథా కాదు. దరఖాస్తులో ఉన్న జబ్బు దాచిపెట్టమని ఏజెంటు చెబితే ఒప్పుకోవద్దు. అలా దాచినందుకు క్లెయిమ్ తిరస్కరించే హక్కు సంస్థకు ఐదేళ్ల వరకు ఉంటుంది, మోసమని రుజువైతే ఆ తర్వాతా ఉంటుంది.

సీపీఎస్ వాళ్ల లెక్క వేరు

2004 సెప్టెంబరు 1 నుంచి ఉద్యోగంలో చేరినవారికి సీపీఎస్, అంటే చందాతో నడిచే పింఛన్ పథకం వర్తిస్తుంది. వారిలో, కాస్త పెద్ద వయసులో ఉద్యోగం వచ్చినవారు ఇప్పుడు రిటైరవుతున్నారు. వీరికి పైన చెప్పిన రక్షణల్లో ముఖ్యమైన ఫ్యామిలీ పింఛన్ లేదు. జీతంలో 10 శాతం, ప్రభుత్వం వాటా మరో 10 శాతం కలిసి ఉద్యోగి పేరిట ఉండే ప్రాన్ అనే పింఛన్ ఖాతాలో పెరిగిన మొత్తంలో 60 శాతం వరకు తీసుకుని, కనీసం 40 శాతంతో యాన్యుటీ, అంటే నెలనెలా ఆదాయం ఇచ్చే పాలసీ, కొనాలి. యాన్యుటీ మీద డీఆర్ ఉండదు, పీఆర్సీ ఉండదు. మొదటి నెల వచ్చినంతే ఇరవై ఏళ్ల తర్వాతా వస్తుంది. ఇరవై ఏళ్లలో బియ్యం ధర, మందుల ధర ఎంత మారతాయో అందరికీ తెలిసిందే.

అందుకే ఇక్కడ యాన్యుటీ రకం ఎంచుకోవడమే బీమా నిర్ణయం. ఎక్కువ నెలసరి ఆశ చూపేది ‘ఒక్కరి జీవితకాలం’ రకం. ఆ వ్యక్తి పోతే అక్కడితో ఆగిపోతుంది. తన తర్వాత జీవిత భాగస్వామికీ అంతే మొత్తం వచ్చి, ఇద్దరి తర్వాత అసలు వారసులకు చెందే రకంలో నెలసరి తక్కువ. పాత పింఛన్‌దారుకు ఫ్యామిలీ పింఛన్ దానంతట అదే వస్తుంది, సీపీఎస్ ఉద్యోగి దాన్ని తన డబ్బుతో కొనుక్కోవాలి. ఒకసారి ఎంచుకున్నాక మార్చుకునే వీలు సాధారణంగా ఉండదు. భార్యాభర్తలిద్దరూ కూర్చుని సంతకం చేయాల్సిన కాగితం ఇది.

పన్ను, పీఆర్సీ

ప్రభుత్వోద్యోగికి గ్రాట్యుటీ, కమ్యుటేషన్, లీవ్ ఎన్‌క్యాష్‌మెంట్, జీపీఎఫ్ మీద పన్ను లేదు. నెలవారీ పింఛన్‌కు ఉంది. కొత్త విధానంలో 2025-26 ఆర్థిక సంవత్సరం నుంచి రూ.12 లక్షల దాకా, రూ.75,000 స్టాండర్డ్ డిడక్షన్ కలిపితే పింఛన్‌దారుకు రూ.12.75 లక్షల దాకా పన్ను పడదు. కాబట్టి చాలామంది పెన్షనర్లకు పన్ను మినహాయింపు కోసం పాలసీ కొనే అవసరమే లేదు. కొత్త విధానంలో ఆరోగ్య బీమా ప్రీమియానికి మినహాయింపు కూడా ఉండదు. పాలసీ అవసరమా కాదా అన్నది వైద్యాన్ని బట్టే తేల్చుకోవాలి.

రెండో పీఆర్సీని 2023 అక్టోబరులో వేసి, అప్పటి నుంచి 5 శాతం మధ్యంతర భృతి ఇస్తున్నారు. కొత్త వేతనాలు ఖరారైనప్పుడు ఈ మధ్యలో రిటైరైనవారి పింఛన్ సవరించాల్సి రావచ్చు. అప్పుడు మళ్లీ ఎస్ఆర్, పీపీఓ కావాలి. నకళ్లు ఇంట్లో ఉంటే ఆ రోజు పాత ఆఫీసు చుట్టూ తిరిగే పని తగ్గుతుంది.

ఇంట్లో రెండో మనిషికి తెలియాల్సినవి

ఈ వ్యవహారమంతా ఎక్కువ ఇళ్లలో ఒక్కరికే తెలుసు. పెన్షనర్ చనిపోయిన తర్వాత భార్య పీపీఓ నంబరు కోసం బీరువాలు వెతుక్కోవడం అరుదేమీ కాదు. పీపీఓలో జీవిత భాగస్వామి పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోవాలి. తేడా ఉంటే పెన్షనర్ బతికుండగా సరిదిద్దించడం తేలిక. ఏటా ఇవ్వాల్సిన లైఫ్ సర్టిఫికెట్‌ను టీ యాప్ ఫోలియో అనే ప్రభుత్వ మొబైల్ యాప్‌లో సెల్ఫీతో ఇంటి నుంచే పంపవచ్చు. ఆ ఫోన్, ఆ నంబరు ఎవరి దగ్గర ఉన్నాయో ఇద్దరికీ తెలియాలి. మరణం సంభవిస్తే ట్రెజరీకి, బ్యాంకుకు వెంటనే తెలపాలి. తెలపకపోతే తర్వాతి నెలల్లో జమ అయిన పింఛన్‌ను వెనక్కి వసూలు చేస్తారు, ఫ్యామిలీ పింఛన్ మొదలవడమూ ఆలస్యమవుతుంది. హెల్త్ కార్డును కూడా ఫ్యామిలీ పెన్షనర్ పేరు మీదికి మార్పించుకోవాలి. మరణ ధ్రువీకరణ పత్రం ట్రెజరీ, బ్యాంకు, బీమా సంస్థ ఇలా ప్రతిచోటా అడుగుతారు కనుక, మున్సిపాలిటీ నుంచి మొదటిసారే ఎక్కువ కాపీలు తీసుకోవడం మంచిది.